వీధి మొక్క మూడు ఎండాకాలాలు దాటాలంటే

వీధుల్లో మొక్కలు నాటే పని జూన్‌లో మొదలవుతుందనుకుంటాం. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లలో అది ఫిబ్రవరిలోనే, ట్యాంకరు లెక్కతో మొదలుకావాలి. ఇటువైపు వాన ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడిపోతుంది. మిగతా ఎనిమిది నెలలు మొక్క బతికేది మనం పోసే నీళ్ల మీదే. జూలైలో నాటినవి ఆగస్టులో చాలా అరుదుగా చస్తాయి. చచ్చేది మార్చి, ఏప్రిల్, మేలో. కాబట్టి వార్డు కమిటీ అయినా, కాలనీ సంఘమైనా, మున్సిపల్ సిబ్బంది అయినా నర్సరీకి పోకముందే కాగితం ముందేసుకుని కూర్చోండి.

ముందు నీళ్ల లెక్క

తొలి ఎండాకాలంలో వీధి మొక్కకు తడవకు 25 లీటర్లు, వారానికి రెండు తడులు కావాలి. అంటే వారానికి 50 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు కాగితం మీద 200 మొక్కలకు సరిపోతుంది. పైపు జాగా మార్చేటప్పుడు రోడ్డు మీద పోయేది, పాదు తెగి పారేది తీసేస్తే 160 దాకా తడుస్తాయి. మొక్కకు నిమిషంన్నర, రెండు నిమిషాలు వేసుకున్నా ఒక ట్రిప్పుకు నాలుగైదు గంటలు. ఇద్దరు మనుషులు రోజుకు రెండు ట్రిప్పులు, వారానికి ఆరు రోజులు తిరిగితే పన్నెండు ట్రిప్పులు, అంటే దాదాపు వెయ్యి మొక్కలు.

ఇక్కడే చాలా ఊళ్ల లెక్క తప్పుతుంది. ఈ ఏడు వెయ్యి నాటాం, వచ్చే ఏడు ఇంకో వెయ్యి నాటుదాం అంటారు. కానీ ఈ ఏడు నాటినవి వచ్చే ఎండాకాలానికి కూడా నీళ్లు అడుగుతాయి: రెండో ఏడు వారానికోసారి 40 లీటర్లు, మూడో ఏడు పదిహేను రోజులకోసారి 60 లీటర్లు. మూడు వయసుల మొక్కలూ కలిపితే, ఆ ఒక్క ట్యాంకరుతో ఏటా నాటదగ్గది సుమారు 400 మాత్రమే. ట్యాంకర్లు రెండుంటే 800. అంతకు మించి నాటిన ప్రతి మొక్కా పక్క మొక్క నీళ్లను పంచుకుంటుంది, చివరికి రెండూ ఎండుతాయి.

డబ్బు సంగతికి వస్తే, తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019 ప్రకారం మున్సిపల్ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి. ఆ పద్దులో గుంతలకూ మొక్కలకూ ఎంత, నీళ్ల ట్యాంకరుకూ కాపలాకూ ఎంత అని విడగొట్టి చూడమని మీ వార్డు సమావేశంలో అడగండి. 2015లో మొదలైన హరితహారం అయినా, ఇప్పటి వన మహోత్సవం అయినా, నాటే వారం రోజుల హడావుడికి డబ్బు దొరుకుతుంది. ఏప్రిల్ డీజిల్‌కే వెతుక్కోవాల్సి వస్తుంది.

వీధిని చూసి చెట్టును ఎంచుకోండి

వీధి పొడవునా ఒకసారి నడిచి, మూడు సంగతులు రాసుకోండి: పైన ఏ తీగలున్నాయి, కింద ఏ పైపులున్నాయి, గోడకూ రోడ్డుకూ మధ్య ఎంత మట్టి ఉంది.

తీగల కింద దేవకాంచనం, పారిజాతం, దేవగన్నేరు లాంటి చిన్న చెట్లే వేయండి. 11 కేవీ లైను కింద వేప పెట్టామంటే పదేళ్ల తర్వాత ఏటేటా దాని తల నరికించడానికి ఇప్పుడే ఒప్పుకున్నట్టు. తీగలు లేని మామూలు వీధికి కానుగ, వేప, పొగడ బాగుంటాయి. కానుగ రాతి నేలలోనూ నిలబడుతుంది, సరిగ్గా ఎండలు ముదిరే వేళకు కొత్త ఆకు వేస్తుంది. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది కానీ కొమ్మ విరగదు, చెత్త తక్కువ. బడి ఆవరణలు, చెరువు కట్ట దిగువ ఖాళీ జాగాలు, ఊరి బయటి రోడ్లు ఉంటే అక్కడ రావి, మర్రి, జువ్వి, చింత పెట్టండి. వీటిని గోడకూ మోరీకీ కనీసం ఎనిమిది, పది మీటర్ల దూరంలో ఉంచాలి.

తురాయి పూసినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. కానీ దాని వేళ్లు పైపైనే పాకుతాయి, కట్టె పెళుసు. మే నెల ఈదురుగాలికి ముందు పడేది అదే. బస్టాండు దగ్గరా ఆటో స్టాండు దగ్గరా వద్దు. ఏడాకులపాల నీడ దట్టమే, అయితే చలికాలం మొదట్లో రాత్రిపూట దాని పూల వాసనకు తలనొప్పి అని ఫిర్యాదులు వస్తాయి, కిటికీల పక్కన పెట్టకండి. కోనోకార్పస్ ఊసే ఎత్తకండి. పుప్పొడితో ఇబ్బంది, పైపుల్లోకి చొరబడే వేళ్లు అన్న కారణాలతో దాన్ని నర్సరీల్లో పెంచొద్దని రాష్ట్రంలో 2022లోనే ఆదేశాలొచ్చాయి.

వీధంతా ఒకే జాతి అయితే ఫొటోలో బాగుంటుంది. 2021లో తెలంగాణ అంతటా వేపలకు కొమ్మ కొసలు ఎండే తెగులు వచ్చినప్పుడు మొత్తం వేపలే ఉన్న వీధులు ఒక్కసారిగా గోధుమరంగుకు తిరిగాయి. అందుకే ఊరు మొత్తంలో ఏ ఒక్క జాతీ అయిదో వంతు దాటకుండా చూసుకోవడం మేలు.

దూరాలు: చిన్న చెట్ల మధ్య 4 మీటర్లు, కానుగ, పొగడ లాంటివాటికి 6 నుంచి 8, పెద్దవాటికి 10 నుంచి 12. కరెంటు స్తంభానికి 3 మీటర్లు, రావి, మర్రి లాంటి పెద్దవి కాకపోతే మ్యాన్‌హోల్‌కూ మోరీకీ మీటరున్నర, నాలుగు రోడ్ల మూల నుంచి 10 మీటర్లు వదలండి. మూలలో మొక్క పెరిగితే వచ్చే బండి కనపడదు. అలాంటి మొక్కను తర్వాత ఎవరో ఒకరు నరికేస్తారు, ఆ నరికినవాడిని తప్పు పట్టలేం కూడా.

గుంత ఏప్రిల్, మేలో తీయండి

గుంతలు ఎండాకాలంలోనే తీసి, నెల రోజులు ఎండ తగలనివ్వండి. వీధి అంచుకు 60 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతు తక్కువలో తక్కువ. మీటరు గుంత తీయగలిగితే మంచిదే. మన దగ్గర పైన అడుగు, అడుగున్నర ఎర్ర చల్క, దాని కింద గట్టి మొరం. కాబట్టి లోతు కంటే అడుగు పగలడం ముఖ్యం: గుంత అడుగున గడ్డపారతో నాలుగైదు చోట్ల మరో జానెడు గుచ్చి మొరాన్ని కదపండి. గడ్డపార ఖంగుమంటే కింద పరుపుబండ ఉన్నట్టు. అక్కడ మొండిగా తవ్వకుండా రెండు మీటర్లు పక్కకు జరగండి. యంత్రంతో గుండ్రంగా తీసిన గుంతల గోడలు నున్నగా పలకదేరుతాయి. పారతో ఆ గోడలను గీరకపోతే వేళ్లు లోపలే చుట్టు తిరుగుతూ ఉండిపోతాయి.

తర్వాత నీళ్ల పరీక్ష. సాయంత్రం గుంత నిండా నీళ్లు పోయండి. తెల్లారేసరికి సగానికి పైగా అలాగే నిలిచి ఉంటే ఆ గుంత వానాకాలంలో బావి అవుతుంది, వేళ్లు కుళ్లుతాయి. మొరం మరింత లోతుగా పగలగొట్టండి. నల్లరేగడి నేల అయితే మొక్కను నేలమట్టం కంటే నాలుగైదు అంగుళాలు ఎత్తున, చిన్న దిబ్బ మీద నాటండి.

రోడ్డు పక్కన తవ్వితే సగం వచ్చేది సిమెంటు పెళ్లలు, కంకర, ప్లాస్టిక్కే. దాన్ని తిరిగి గుంతలో నింపకండి. 60 సెంటీమీటర్ల గుంతకు 216 లీటర్ల మట్టి పడుతుంది. అందులో మూడు వంతులు మంచి ఎర్రమట్టి, లేదా ఎర్రమట్టిలో కొంత చెరువు పూడిక మట్టి. నాలుగో వంతు, అంటే 15 లీటర్ల గంపతో మూడు, నాలుగు గంపలు, బాగా మాగిన పశువుల పెంట. దానికి అరకిలో వేపపిండి. పెంట చేతిలో నలిపితే పొడిపొడిగా రాలాలి, వాసన ఉండకూడదు. పచ్చి పెంట వేస్తే వేడికి వేళ్లు మాడుతాయి, పైగా చెదలను పిలిచి పీట వేసినట్టే. చల్క నేలల్లో మొదటి ఏడాది మొక్కల చావుకు నీళ్ల తర్వాతి కారణం చెదలే.

మొక్కను చూసి తెచ్చుకోవడం

రెండడుగుల మొక్కలు చవక, కానీ వీధిలో నిలవవు. ఆరు నుంచి ఎనిమిది అడుగుల ఎత్తు, మొదలు బొటనవేలంత లావు, మధ్యలో ఒకటే నిటారు కాండం ఉన్నది తీసుకోండి. మొక్కను పట్టుకుని మెల్లగా ఊపండి. కాండంతో పాటు మట్టిముద్ద కదలాలి. కాండం ఒక్కటే అటూ ఇటూ ఊగితే వేరు పట్టు లేనట్టు. కవరు అడుగు చూడండి. వేరు కవరు చీల్చుకుని నర్సరీ నేలలోకి దిగి ఉంటే, దాన్ని పీకి తెచ్చిన రోజునే ఆ మొక్క సగం వేరు పోగొట్టుకుంటుంది. ఒక లాటులో రెండు కవర్లు చించి చూపించమనండి. వేళ్లు కవరు లోపల తాడులా చుట్టలు చుట్టుకుని ఉంటే మొత్తం లాటు వెనక్కి పంపండి. అది నాలుగేళ్లు బాగానే పెరిగి, ఆ తర్వాత ఒక గాలికి మొదలంటా పడిపోతుంది.

షేడ్‌నెట్ కింద ముదురాకుపచ్చగా నిగనిగలాడేవి తెచ్చి సరాసరి తారు రోడ్డు పక్కన పెడితే వారంలో ఆకు మాడుతుంది. పది పదిహేను రోజులు ఆరుబయట ఎండలో ఉంచి, నీళ్లు కాస్త తగ్గించి, గట్టిపడ్డాక నాటండి.

నాటే రోజు

మృగశిర కార్తె తొలి జల్లును నమ్మకండి. పైన తడి, కింద పొడి. జూన్ మూడో వారం తర్వాత, ఆరుద్ర నుంచి ఆశ్లేష దాకా, అంటే ఆగస్టు మధ్య వరకు మంచి అదను. రెండు పెద్ద వానలు పడి గుంత మట్టి అడుగు దాకా నానిందా అన్నది చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. సెప్టెంబర్ దాటితే వేరు పట్టే వ్యవధి దొరకదు, ఆ మొక్కలను నర్సరీలోనే పెద్ద కవర్లలోకి మార్చి వచ్చే ఏడుకు ఉంచండి.

నాటేది సాయంత్రం పూట, లేదా ముసురు రోజు. కవరును బ్లేడుతో నిలువునా కోసి పూర్తిగా తీసేయండి. అడుగు మాత్రమే చించి పాతేసిన మొక్కలను మూడేళ్ల తర్వాత పీకి చూస్తే వేరు ఆ కవరులోనే ఉంటుంది. తీసిన కవర్లను ఒక సంచిలో వేసి, మొక్కల లెక్కతో కవర్ల లెక్క సరిచూడండి. పనివాళ్లు తొందరలో కవరుతోనే పెట్టారా అన్నది దీంతో బయటపడుతుంది. మట్టిముద్ద పక్కన సన్న వేళ్లు కాస్త చుట్టుకుని ఉంటే బ్లేడుతో మూడు నాలుగు చోట్ల నిలువుగా, సెంటీమీటరు లోతున గీయండి.

కాండం నేలను తాకే మెడ భాగం మట్టిలో కూరుకుపోకూడదు. కొత్తగా నింపిన మట్టి రెండు మూడు వానలకు రెండంగుళాలు దిగుతుంది, కనుక ఆ మేరకు ఎత్తుగా నాటండి. మడమతో చుట్టూ తొక్కి, గాలి సందులు లేకుండా చేసి, మూడడుగుల వెడల్పున పాదు కట్టి, 20 లీటర్లు నిదానంగా పోయండి. వాన పడుతున్నా సరే పోయాల్సిందే, మట్టి వేరుకు అతుక్కునేది ఆ నీళ్లతోనే.

ఊతానికి రెండు బొంగులు మట్టిముద్దకు బయటగా, ఒకటి పడమటి వైపు ఉండేలా పాతండి, వానాకాలం గాలి అటునుంచే. సుతిలి తాడును ఎనిమిది అంకెలా తిప్పి వదులుగా కట్టండి. ఇనుప తీగ వాడకండి. ఏడాదిన్నర తర్వాత బొంగులు తీసేయాలి. ఎప్పటికీ ఊతం మీదే ఉన్న కాండం లావెక్కదు.

కంచె

మేక వెనక కాళ్ల మీద నిలబడితే అయిదడుగుల పైన ఆకు కూడా అందుకుంటుంది. బర్రె ఆకు తినకపోయినా ఒళ్లు రుద్దుకుని కాండం విరిచేస్తుంది. ట్రీ గార్డు ఆరడుగులకు తగ్గకూడదు, అడుగున్నర వ్యాసం ఉండాలి, కాళ్లు అడుగు లోతు భూమిలోకి పోవాలి. డబ్బులు లేకపోతే సర్కారు తుమ్మ కంప చుట్టూ కట్టండి, ఆరేడు నెలలకోసారి మార్చాల్సి ఉంటుంది. గార్డు మీద దాత పేరు రేకు బిగించేవాళ్లు దాన్ని గార్డు పైభాగానికే బిగించాలి, రేకు వేడికి లేత బెరడు కమిలిపోతుంది. నాలుగో ఏట కాండం గార్డు చువ్వలను తాకేలోగా కోసి తీసేయండి. అదే గార్డు ఇంకో మొక్కకు పనికొస్తుంది, తీయకపోతే ఇనుము చెట్టులోకి పాకుతుంది.

నీళ్లు పోయడం

అక్టోబర్ నుంచి జనవరి దాకా వారానికోసారి 15 లీటర్లు చాలు. ఫిబ్రవరి మొదటి వారం నుంచే వారానికి రెండుసార్లు 25 లీటర్లకు మారండి. ఆకు రాలడం మొదలైనాక పరుగెత్తితే ఆలస్యమైపోతుంది. రోజూ ఒక చెంబు పోయడం కంటే నాలుగు రోజులకోసారి బకెట్టున్నర మేలు. చెంబు నీళ్లు పై రెండంగుళాలే తడుపుతాయి, వేళ్లు ఆ తడి కోసం పైకే వస్తాయి, మే నెలలో ఆ పై పొరే పెనంలా కాలుతుంది.

ట్యాంకరు పైపు సరాసరి వదిలితే పాదు కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి. పైపు మూతికి గోనెపట్టా కట్టి వదలండి. పాదులో మూడు నాలుగు అంగుళాల మందాన ఎండాకు, వరిగడ్డి లేదా పల్లీ పొట్టు పరచండి, కాండానికి నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. అతుక్కుని ఉంటే తేమకు బెరడు కుళ్లుతుంది, చెదలూ దాని చాటున ఎక్కుతాయి. కాండం మీద చెద మట్టి గీత కనపడగానే గోనెపట్టాతో తుడిచి, పాదులో గుప్పెడు వేపపిండి కలిపి తడపండి.

ట్యాంకరు నమ్మకం లేని కాలనీల్లో పది లీటర్ల మట్టికుండ అడుగున చిన్న చిల్లు పెట్టి, నూలు వత్తి దూర్చి, మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతండి. మూత తప్పక పెట్టండి, లేకపోతే దోమలు పెరుగుతాయి. ఇంటి ముందువాళ్లు రెండు రోజులకోసారి నింపితే చాలు.

బోరు నీళ్ల ఉప్పు గురించి ఒక మాట. పాదులో తెల్లటి పొర కట్టి, ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకు తిరుగుతుంటే అది దాహం కాకపోవచ్చు, ఉప్పు. ఆ పై పొర రెండంగుళాలు గీకి పారేసి, వీలైతే చెరువు నీళ్లో, శుద్ధి చేసిన మురుగునీళ్లో ఒకసారి 60, 70 లీటర్లు పోసి ఉప్పును కిందికి కడగండి.

అక్టోబర్ మొదటి వారంలో ప్రతి మొక్కనూ నంబరు వారీగా చూసి పుస్తకంలో రాయండి: బతికింది, చచ్చింది, ఎందుకు. గోటితో బెరడు గీరితే లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, పీకకండి. చచ్చిన చోట వచ్చే జూలైలో నాటాలి, అయితే కారణం సరిచేశాకే. ఒకే గుంతలో రెండుసార్లు మొక్క పోయిందంటే గుంతనే అనుమానించాలి.

కొమ్మలు

మొదటి ఏడాది ఎండిందీ విరిగిందీ తప్ప ఏమీ కోయకండి. రెండో ఏడు నుంచి, ఏటా మొత్తం ఆకులో నాలుగో వంతుకు మించకుండా, కింది కొమ్మలు తీస్తూ పొండి. చివరికి ఫుట్‌పాత్ మీద 8 అడుగులు, బస్సులు, లారీలు తిరిగే వైపు 15 అడుగులు ఖాళీ రావాలి. ఆకు తక్కువగా ఉండే జనవరి, ఫిబ్రవరి పొడి రోజులు ఇందుకు మంచివి.

చేతి మణికట్టు కంటే లావు కొమ్మను మూడు కోతల్లో తీయాలి. కాండానికి అడుగు దూరంలో కింది నుంచి మూడో వంతు లోతు కోయండి. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ బరువు పడిపోతుంది. మిగిలిన మొద్దును కాండం దగ్గర కనపడే ఉబ్బు అంచున, ఆ ఉబ్బు తెగకుండా కోయండి. గాయం మూసుకునేది ఆ ఉబ్బు నుంచే. ఒకే కోతతో తెంచితే బెరడు కాండం వెంట రెండడుగులు చీలుకుంటూ వస్తుంది. మొద్దు వదిలేస్తే అది ఎండి కుళ్లి, తొర్ర లోపలికి దిగుతుంది. తారు, పెయింటు పూయొద్దు.

తీగల దగ్గర కొమ్మ అయితే లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించడం) తీసుకున్నాకే ఎవరైనా చెట్టెక్కాలి. వానలకు ముందు లైన్ల కింద కొట్టేటప్పుడు మీరూ దగ్గరుండి, తల మొత్తం నరికే బదులు తీగ వైపు కొమ్మలను మొదలు దాకా తీయమనండి. తల నరికిన చోట గుత్తిగా వచ్చే చిగుళ్లు రెండేళ్లలో మళ్లీ తీగను తాకుతాయి, పైగా వాటికి పట్టు ఉండదు.

వేప కొసలు ఎండితే భయపడి కొట్టేయకండి. చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి. ఎండిన కొసలను పొడి వాతావరణంలో, పచ్చి భాగం ఆరంగుళాలు కలిపి కోసి, ఊరి బయట కాల్చేయాలి.

ఎదిగిన చెట్లు

కొత్త మొక్కల కంటే ఉన్న పెద్ద చెట్లను కాపాడటం చవక. సీసీ రోడ్డు వేసేటప్పుడు మొదలు దాకా సిమెంటు పోస్తారు. చుట్టూ మీటరు మేర వదలాలని పనికి ముందే కాంట్రాక్టరుతో చెప్పించండి, ఢిల్లీలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఇదే కొలత పెట్టింది. ఇప్పటికే పోసి ఉంటే బ్రేకర్ యంత్రం వాడకుండా, సుత్తి, ఉలితో పగలగొట్టి, రెండంగుళాల మట్టి, పెంట కలిపి పరచండి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గర పాఠం ఉంది. దాదాపు 700 ఏళ్లదని చెప్పే, మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ మర్రికి 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగింది. లోపల చెద. సందర్శకులను ఆపి, 2018లో సెలైన్ సీసాల్లా కట్టి చెట్టులోకి చెదలను చంపే క్లోరోపైరిఫాస్ ద్రావణం చుక్కలుగా ఎక్కించారు, కొమ్మలకు ఊతాలు కట్టారు, ఊడలను పైపుల్లోంచి నేలకు దింపారు. మీ వీధి మర్రికి అంత అవసరం రాకుండా ఉండాలంటే ఊడలను కోయకండి, ఊయలలకు వాడనివ్వకండి. నేల వైపు వచ్చే ఊడకు కింద మెత్తటి మట్టి గుంత చేసి, వెదురు గొట్టం చీల్చి తొడిగితే అది దిగి స్తంభమవుతుంది.

మోరీ, మంచినీళ్ల పైపు, కేబుల్ కందకం తవ్వేటప్పుడే చెట్లకు ఎక్కువ దెబ్బ. కాండం వ్యాసానికి ఆరు రెట్లు లోపల కందకం తవ్వనివ్వకండి. అడుగున్నర లావు చెట్టుకు అది తొమ్మిది అడుగులు. తప్పనిసరైతే వేళ్ల కింద సొరంగంలా దూర్చి పైపు పంపాలి. వేరు తెగక తప్పకపోతే రంపంతో నున్నగా కోసి, అదే రోజు మట్టి కప్పి తడపండి. జేసీబీ పళ్లు లాగి చీల్చిన వేరు కుళ్లు పడుతుంది. ఒక వైపు వేళ్లు తెగిన చెట్టును వచ్చే రెండు వానాకాలాలు గమనించండి: ఆ వైపు నేల పగిలి లేస్తున్నా, కాండం కొత్తగా వంగుతున్నా వెంటనే మున్సిపల్ ఆఫీసుకు రాసివ్వండి. కొట్టేయక తప్పదన్నా కూడా వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం, 2002 కింద అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా గొడ్డలి పడనివ్వకండి.